కుట్టు లైన్‌లో ఖాళీగా కనిపించేవారు: గార్మెంట్ ఫ్యాక్టరీ సందర్శనకు వచ్చే విద్యార్థుల అపోహలు - వాస్తవాలు

మేనేజ్‌మెంట్, కామర్స్ విద్యార్థులు గార్మెంట్ ఫ్యాక్టరీ చూడడానికి వచ్చినప్పుడు వారిని ఫ్లోర్ అంతా తిప్పి చూపించే పని చాలాకాలంగా ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ విభాగంలో ఉన్న నా మీదే పడుతోంది. తిరిగి వెళ్లాక వారు రాసే నివేదికలు కొన్ని నా దగ్గరికి వస్తుంటాయి. బ్యాచ్ మారినా, లైన్‌లో కుట్టేది చొక్కా అయినా ప్యాంటు అయినా, వాటిలో ఒక సూచన మాత్రం మారదు: లైన్‌లో కొందరు ఖాళీగా కూర్చుంటున్నారు, వారిని తగ్గిస్తే ఉత్పాదకత పెరుగుతుంది అని. ఇది రాసిన విద్యార్థికి మార్కులు రావచ్చు. అదే నమ్మకంతో అతడు రేపు ఏదైనా ఫ్యాక్టరీలో ప్లానింగ్ కుర్చీలో కూర్చుంటే మాత్రం షిప్‌మెంట్లు ఆలస్యమవుతాయి, ఆ నింద ఆపరేటర్ల మీద పడుతుంది. అందుకే ముందుగా దీని సంగతి తేల్చి, మిగతావాటిని తర్వాత చూద్దాం.

అపోహ: అందరూ తలెత్తకుండా కుడుతుంటే లైన్ బాగున్నట్టు, ఎవరైనా ఖాళీగా ఉంటే వారు అదనం.

వాస్తవం: లైన్ నుంచి గంటకు ఎన్ని పీసులు బయటికి వస్తాయన్నది అందరి వేగాన్ని బట్టి ఉండదు, అన్నిటికన్నా నెమ్మదిగా సాగే ఒక్క ఆపరేషన్‌ను బట్టి ఉంటుంది. ఈ మాట మీ పాఠ్యపుస్తకంలోనూ ఉంటుంది, బోటిల్‌నెక్ అన్న పేరుతో మీరు పరీక్షలో రాసే ఉంటారు. అయినా ఫ్లోర్ మీదికి రాగానే కళ్లు దాన్ని మరిచిపోయి, కదులుతున్న చేతుల వెంట పోతాయి.

లెక్క సులువుగా ఉండేలా ఒక చొక్కా లైన్‌ను ఊహించండి. చొక్కా ఎస్ఏఎం (ఒక పీసు కుట్టడానికి ప్రమాణంగా లెక్కకట్టిన సమయం) 18 నిమిషాలు, లైన్‌లో ఆ రోజు 30 మంది ఆపరేటర్లు పనిలో ఉన్నారు. పని అందరికీ సమానంగా పంచగలిగితే ఒక్కొక్కరి వాటాకు 36 సెకన్లు వస్తుంది. కానీ పని అలా సమానంగా తెగదు. కాలర్ అటాచ్ చేయడానికి 72 సెకన్లు పడుతుందని, అక్కడ ఉండవలసిన ఇద్దరిలో ఒకరు ఆ రోజు సెలవు పెట్టారని అనుకోండి. మిగతా ఆపరేషన్లన్నీ 45 సెకన్లలోపే పూర్తవుతాయి. అప్పుడు కాలర్‌కు ముందున్నవారు గంటకు 80 పీసులు పంపగలరు, కాలర్ దగ్గర 50 మాత్రమే ముందుకు వెళ్తాయి. గంటకు 30 చొప్పున ఎనిమిది గంటల షిఫ్ట్ ముగిసేసరికి అక్కడ 240 పీసులు పేరుకుపోతాయి. ఆ కుప్ప అడుగున చేరిన చివరి పీసు వంతు రావాలంటే, గంటకు 50 చొప్పున, దాదాపు ఐదు గంటలు ఆగాలి.

ఇప్పుడు ఈ లైన్ పక్కన నిలబడి చూసే విద్యార్థికి కనిపించేది ఏమిటి? కాలర్‌కు ముందున్నవారు క్షణం తీరిక లేకుండా కుడుతుంటారు కాబట్టి వారు కష్టజీవులు అనిపిస్తారు. కాలర్‌కు తర్వాత ఉన్నవారిలో 45 సెకన్ల పని చేసే ఆపరేటర్‌కు గంటకు 50 పీసులే అందుతాయి, అంటే ఆమెకు గంటలో ఇరవై రెండు నిమిషాలకు పైగా పని ఉండదు కాబట్టి ఆమె బద్ధకస్తురాలు అనిపిస్తుంది. నిజానికి ఈ రెండు దృశ్యాలకూ కారణం ఆ మధ్యలో ఖాళీగా ఉన్న కుర్చీ ఒక్కటే. ముందున్నవారు ఇంకా వేగంగా కుట్టినంత మాత్రాన సాయంత్రానికి ఒక్క చొక్కా కూడా ఎక్కువ రాదు, కుప్ప మాత్రం పెరుగుతుంది. తర్వాత ఉన్నవారిలో ఒకరిని తీసేసి ఆ పనిని పక్కవారికి అంటగడితే, కాలర్ దగ్గరికి రెండో మనిషి తిరిగి వచ్చిన రోజున బోటిల్‌నెక్ అక్కడికే మారుతుంది.

కుప్ప పెరిగితే ఏమవుతుంది, పని నిల్వ ఉండడం మంచిదే కదా అని అడిగేవారు ఉన్నారు. కొంత నిల్వ అవసరమే, సూది విరిగి మెషిన్ పది నిమిషాలు ఆగినప్పుడు తర్వాతి ఆపరేటర్ చేతికి పని ఉండాలి. కానీ 240 పీసుల కుప్ప వేరు. దానికి ముందరి ఆపరేషన్‌లో భుజం కుట్టు తప్పుగా పడుతుంటే, ఆ తప్పు చెకింగ్ టేబుల్ దగ్గర బయటపడే వేళకు వెనక 240 పీసులలోనూ అదే తప్పు ఉండే ప్రమాదం ఉంది. వాటిని విప్పి మళ్లీ కుట్టడానికి పట్టే సమయం ఏ ఎస్ఏఎంలోనూ లెక్కకు రాదు. కోసిన ముక్కల కట్టలు, అంటే బండిళ్లు, తారుమారై ఒక షేడ్ వీపుకు మరో షేడ్ చెయ్యి చేరడం కూడా సాధారణంగా ఇలాంటి కుప్పల దగ్గరే జరుగుతుంది. బట్టకు కట్టిన డబ్బు అక్కడే ఇరుక్కుని ఉంటుందన్న సంగతి కామర్స్ విద్యార్థులకు నేను వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక ఎఫిషియెన్సీ సంఖ్యను తప్పుగా చదవడం ఈ అపోహకు పుట్టిన బిడ్డ. ఎఫిషియెన్సీ అంటే తయారైన పీసుల ఎస్ఏఎం నిమిషాలను, ఆపరేటర్లు పనిలో ఉన్న మొత్తం నిమిషాలతో భాగిస్తే వచ్చే శాతం. పై లైన్ రోజుకు 400 చొక్కాలు ఇస్తుంది. 400ను 18తో గుణిస్తే 7,200 నిమిషాలు, 30 మందిని 480 నిమిషాలతో గుణిస్తే 14,400 నిమిషాలు, కాబట్టి ఎఫిషియెన్సీ 50 శాతం. బోర్డు మీద ఈ 50 కనబడగానే, కార్మికులు సగం రోజు పనిచేయడం లేదని నివేదికలో రాసేస్తారు. కొందరు లెక్చరర్లు కూడా దాన్ని సరే అనేస్తారు, అది నాకు మరింత అసహనం కలిగించే విషయం. ఆ సంఖ్య మనిషి శ్రమకు కొలత కాదు. కటింగ్ నుంచి ఫీడింగ్ ఆలస్యమైనా, స్టైల్ మారిన మొదటి రోజుల్లో చేతులు కొత్త పనికి అలవాటు పడకపోయినా, మెషిన్ ఆగినా, సరిచేయవలసిన ఆల్టరేషన్ పీసులు తిరిగి వచ్చినా, పైన చెప్పినట్టు లైన్ బ్యాలెన్స్ తప్పినా ఆ సంఖ్యే పడిపోతుంది. వీటిలో చాలావాటి మీద ఆపరేటర్‌కు ఏ అధికారమూ ఉండదు.

ఒకసారి ఒక విద్యార్థుల బృందం చాలా శ్రద్ధగా నివేదిక తయారుచేసింది. లైన్‌లో ఏ మెషిన్ దగ్గరా స్థిరంగా కూర్చోని ఒకామెను వారు గుర్తించి, ఆమెను తొలగించాలని, దానివల్ల ఏడాదికి ఎంత జీతం మిగులుతుందో కూడా లెక్క కట్టారు. ఆమె ఆ లైన్‌కు ఫ్లోటర్. కాలర్, కఫ్, ప్లాకెట్, స్లీవ్ అన్నీ కుట్టగలిగిన మనిషి. సెలవు పెట్టిన వారి స్థానంలో కూర్చోవడమే ఆమె పని. మన ఊహా లైన్‌లో ఆమెను కాలర్ దగ్గర కూర్చోబెడితే ఏమవుతుందో చూడండి: అక్కడ గంటకు 100 పీసుల సామర్థ్యం వస్తుంది, లైన్ పరిమితి 45 సెకన్ల ఆపరేషన్‌కు మారి గంటకు 80 పీసులు, రోజుకు 640 చొక్కాలు అవుతాయి. ఒక్క మనిషి చేరితే ఉత్పత్తి 60 శాతం పెరిగింది, 31 మందితో లెక్కించినా ఎఫిషియెన్సీ 77 శాతం దాటింది. నిజమైన ఫ్లోర్ మీద అంకెలు ఇంత శుభ్రంగా రావు, కానీ దిశ ఇదే. నేను ఈ లెక్క చూపించాక ఆ బృందం తమ సూచనను మార్చుకుంది. మార్చిన నివేదికే తర్వాత వచ్చిన వాటన్నిటికన్నా బాగుంది.

ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి ఒక ఆపరేటర్ భుజం మీదుగా రెండు పీసులు లెక్కించి, ఇదిగో అసలు సమయం అని రాసుకునేవారికి కూడా ఇక్కడే ఒక మాట. పరిచయం లేని నలుగురు చుట్టూ నిలబడితే ఎవరి చేతి వేగమైనా మారుతుంది. టైమ్ స్టడీ అంటే అనేక సైకిళ్లు చూసి, ఆపరేటర్ వేగానికి రేటింగ్ ఇచ్చి, అలసటకు, వ్యక్తిగత అవసరాలకు, మెషిన్ ఆలస్యాలకు అలవెన్సులు కలిపితేనే ఎస్ఏఎం వస్తుంది. మీకు సమయం తక్కువ ఉంటే గడియారం చూడకండి, మెషిన్ల మధ్య ఉన్న కుప్పలను లెక్కపెట్టండి. ఎక్కడ ఎత్తుగా ఉందో, దాని తర్వాత ఎవరి చేతికి పని అందడం లేదో చూస్తే, లైన్ సంగతి మా బోర్డుల కన్నా స్పష్టంగా తెలుస్తుంది.

అపోహ: ఫ్యాక్టరీ అంటే కుట్టు హాలే, ఖర్చంతా కుట్టుకూలీదే.

వాస్తవం: సాధారణమైన వస్త్రం ఖర్చులో అన్నిటికన్నా పెద్ద వాటా బట్టది. అయినా విద్యార్థులు కటింగ్ విభాగాన్ని ఫొటోలు తీసుకునేంత సేపట్లోనే దాటేస్తారు. పది వేల చొక్కాల ఆర్డర్‌లో చొక్కాకు మీటరున్నర చొప్పున పదిహేను వేల మీటర్లు పడుతుంది. మార్కర్‌లో, అంటే బట్ట మీద ముక్కలు ఎలా కోయాలో చూపే పటంలో, ముక్కలను కాస్త దగ్గరగా అమర్చి ఒక్క శాతం బట్ట మిగిల్చినా 150 మీటర్లు, అంటే వంద చొక్కాల బట్ట. పైగా తప్పు కుట్టును విప్పి సరిచేయవచ్చు, తప్పు కోతను సరిచేయలేము. అల్లిక బట్టను రోల్ విప్పి కొంతసేపు సేద తీరనివ్వకుండా లే వేసి (పొరలుగా పరిచి) కోస్తే, ముక్కలు తర్వాత కుంచించుకుపోయి కొలత తప్పుతుంది. ఆ నేరం కూడా చివరికి కుట్టు లైన్ మీదికే వస్తుంది.

అపోహ: ఏక్యూఎల్ (నాణ్యత తనిఖీలో వాడే అంగీకార పరిమితి) 2.5 అంటే వందకు రెండున్నర పీసులు చెడిపోయినా బయ్యర్ ఒప్పుకుంటాడు.

వాస్తవం: అది తప్పులకు ఇచ్చిన అనుమతి కాదు, శాంపిల్ చూసి లాట్‌ను, అంటే తనిఖీకి వచ్చిన మొత్తం సరుకును, అంగీకరించాలా వద్దా అని నిర్ణయించే పద్ధతి. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 2859-1 పట్టికల ప్రకారం జనరల్ లెవెల్ 2 అనే తనిఖీ స్థాయిలో, ఒకేసారి శాంపిల్ తీసే సింగిల్ శాంప్లింగ్‌తో, 3,201 నుంచి 10,000 పీసుల లాట్‌కు 200 పీసులు తీసి చూస్తారు, పది వరకు లోపాలుంటే అంగీకారం, పదకొండు వస్తే తిరస్కారం. పదిని రెండు వందలతో భాగిస్తే ఐదు శాతం కదా అని చురుకైన విద్యార్థి ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. నిజమే. రెండున్నర శాతం లోపాలున్న లాట్ శాంపిల్ అదృష్టం బాగోలేక తిరస్కారానికి గురి కాకుండా గీతను కొంచెం పైన గీశారు. గుర్తుంచుకోవలసింది ఏమంటే, ఈ తనిఖీ నాణ్యతను తయారుచేయదు. లైన్ మధ్యలో, లోపం పుట్టిన చోటే దాన్ని పట్టుకుంటేనే నాణ్యత వస్తుంది.

అపోహ: త్వరలో అంతా రోబోలే కుడతాయి, ఇది చూసి లాభం లేదు.

వాస్తవం: బట్ట పరచడం, కోయడం, జేబులు అతకడం, దారం కత్తిరించడం వంటి పనులకు ఆటోమేటిక్ యంత్రాలు ఎప్పుడో వచ్చాయి. మెత్తగా జారే బట్టను పట్టుకుని, రెండు వంపులను కలిపి, సూది కిందికి నడిపించే పని మాత్రం ఇంకా ఎక్కువగా మనుషుల చేతుల్లోనే ఉంది. ఈ పుకారు ఎక్కడినుంచి మొదలవుతుందో గాని, బృందం లోపలికి రావడానికి ముందే గేటు దగ్గరికి వచ్చేస్తుంది.

అపోహ: ఇంజినీరింగ్ చదవని మాకు ఇవి అర్థం కావు.

వాస్తవం: ఈ భయంతో వెనక వరుసలో నిలబడి ఏమీ అడగని విద్యార్థులను చూసినప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది. పైన నేను వేసిన లెక్కలన్నిటిలో గుణకారం, భాగహారం దాటి ఏమీ లేదు. లాక్‌స్టిచ్‌కూ ఓవర్‌లాక్‌కూ తేడా తెలియకపోవడం తప్పు కాదు, అడిగితే ఏ ఆపరేటర్ అయినా కుట్టు తిప్పి చూపిస్తుంది. సిగ్గుపడవలసింది తెలియకుండానే సూచనలు రాసినప్పుడు.

అపోహ: నేల మెరుస్తోంది, అంతా సర్దుగా ఉంది, కాబట్టి ఫ్యాక్టరీ సురక్షితం. దీనికి సరిగ్గా ఎదురుగా మరొకటి: మాకు చూపించడానికే సర్దారు, కాబట్టి లోపల అంతా మోసం.

వాస్తవం: గంటన్నర నడకతో ఈ రెండింటిలో ఏదీ తేల్చలేరు. బంగ్లాదేశ్‌లోని సావర్ వద్ద రాణా ప్లాజా భవనం 2013 ఏప్రిల్ 24న కూలి పదకొండు వందల మందికి పైగా చనిపోయారు. ముందు రోజే గోడల్లో పగుళ్లు కనిపించాయి. కింద ఉన్న బ్యాంకు, దుకాణాలు మూసుకున్నాయి, గార్మెంట్ కార్మికులను మాత్రం పనికి పిలిచారు. అక్కడ లోపం నేల శుభ్రతలో లేదు, భవనంలోనూ, పిలిచినవారి నిర్ణయంలోనూ ఉంది. కాబట్టి ఊహలు మాని చూడగలిగినవి చూడండి: అత్యవసర ద్వారాలకు తాళాలు ఉన్నాయా, నడవలలో బండిళ్లు అడ్డుగా ఉన్నాయా, బ్యాండ్ నైఫ్ అనే బట్ట కోసే యంత్రం దగ్గర పనిచేసే మనిషి చేతికి లోహపు గ్లవ్ ఉందా, బటన్ మెషిన్‌కు కంటి గార్డు, సింగిల్ నీడిల్ మెషిన్‌కు వేలి గార్డు ఉన్నాయా అని. గార్డును పక్కకు తిప్పి పెట్టిన మెషిన్ కనిపిస్తే, ఎందుకు తీశావని ఆపరేటర్‌ను నిలదీయకండి. గార్డు అడ్డుగా ఉంటే దారం ఎక్కించడానికి ఎక్కువ సమయం పడుతుంది, గంట టార్గెట్ అందుకోవడానికి ఆమె దాన్ని తిప్పి ఉండవచ్చు. ఆ టార్గెట్ వేసేది మా విభాగమే కాబట్టి ఆ ప్రశ్న నన్ను అడగండి.