ఫోను ఎంగేజ్ వస్తే మనిషి పోయినట్టు కాదు: చావు వార్తల మీద అపోహలు, వాస్తవాలు

పోయిన వారం రాత్రి పదకొండున్నరకి మా బాబాయి ఫోన్ చేశాడు. పాత సినిమాల్లో అమ్మ వేషాలు వేసిన ఒకావిడ పోయారట, నిజమేనా అని. నేను పత్రిక డెస్కులో పనిచేస్తాను. కన్నుమూత వార్తలు ఎక్కువగా నా చేతి మీదుగానే పోతాయి. అందుకని చుట్టాలందరి లెక్కలో నేను చిత్రగుప్తుడి దగ్గర గుమాస్తాని. రెండు ఫోన్లు చేసి కనుక్కున్నాను. ఆవిడ పెరుగన్నం తిని పడుకున్నారు.

"అరెరే, మా టెన్త్ బ్యాచ్ గ్రూపులో ఓం శాంతి పెట్టేశానురా."

"తీసెయ్ బాబాయ్."

"తీసేస్తాలే. అయినా నష్టమేముంది? ఆయుష్షు పెరుగుతుందంటారుగా!"

ఇరవై రెండేళ్లుగా ఈ మాట వింటున్నాను. ఈ రోజు కూర్చుని రాయాలనిపించింది.

అపోహ: తప్పుడు చావు కబురుతో నష్టం లేదు, పైగా ఆయుష్షు పెరుగుతుంది

మా నాయనమ్మ చెప్పేది, కాకి తలమీద తంతే దోషం పోవడానికి చుట్టాలకి ఉత్తుత్తి చావు కబురు పంపేవారట. వాళ్లు ఏడ్చుకుంటూ బయల్దేరేలోపే నిజం చెప్పడానికి ఇంకో మనిషిని కూడా పంపేవారట. ఇప్పుడు మొదటి కబురే గానీ రెండో మనిషి లేడు.

2023 మార్చి 21, ఉగాదికి ముందు రోజు. కోట శ్రీనివాసరావు గారు పోయారని ప్రచారం మొదలైంది. ఆయనేమో ఇంట్లో మర్నాటి పండగ గురించి మాట్లాడుకుంటున్నారు. ఫోన్ల మీద ఫోన్లు. పెద్దవాళ్లు పరామర్శకి వస్తారని బందోబస్తుకి పోలీసులు కూడా ఇంటికి వచ్చేశారు. చివరికి ఎనభై ఏళ్ల మనిషి కెమెరా ముందు కూర్చుని, బతికే ఉన్నానని చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత రెండేళ్లకు పైగా మన మధ్యే ఉన్నారు. 2025 జూలై 13న నిజంగానే పోయారు. ఆ పొద్దున నాకొచ్చిన ఫోన్లలో మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? "ఈసారన్నా నిజమేనా?" ఆ "ఈసారన్నా" అన్న మాటని ఆ ఇంట్లోవాళ్లు వింటే ఎలా ఉంటుందో ఆలోచించండి.

సరే, ఆయన పేరున్న నటుడు. వీడియో పెడితే గంటలో లోకమంతా చూస్తుంది. జనం మర్చిపోయిన వాళ్ల గతి వేరు.

పదేళ్ల కిందటి మాట. తెనాలి వైపు ఒక రంగస్థల నటి పోయారని రాత్రి తొమ్మిదింటికి స్ట్రింగర్, అంటే ఊళ్ల నుంచి వార్తలు పంపే విలేకరి, చెప్పాడు. ఇంటికి ఫోన్ చేశావా అంటే, "ఎంగేజ్ వస్తోంది సార్. పరామర్శలు అనుకుంటా, నిజమే" అన్నాడు. నేనూ చేశాను, ఎంగేజ్. పావుగంట తర్వాత మళ్లీ ఎంగేజ్. పేజీ టైము దగ్గర పడుతోంది. ఆవిడ ప్రొఫైల్ ఎప్పుడో రాసి పెట్టుకున్నదే, సిస్టమ్‌లో ఉంది. పోయిన తేదీ వేస్తే చాలు. నిజం చెప్పొద్దూ, తేదీ వేసేశాను కూడా. పంపే ముందు ఆఖరిసారి కొట్టాను. రింగయింది.

"అమ్మా, ఫలానా వారి ఇల్లేనా? ఆవిడ..."

"నేనే నాయనా. ఉన్నాను. నువ్వు ఎన్నోవాడివో లెక్క తప్పింది."

పుకారు నిజంలా కనపడేది సరిగ్గా ఇందుకే. కబురు పుట్టగానే అందరూ ఆ ఇంటికే ఫోన్ చేస్తారు, లైను దొరకదు. దొరకలేదు కాబట్టి నిజమే అనుకుని ఇంకో పదిమందికి పంపుతారు. వాళ్లూ ఫోన్ చేస్తారు. కాదని చెప్పగల ఒక్క మనిషి నోరూ మూసేది మన ఫోన్లే. ఆ రాత్రి డాలస్‌లో ఉన్న ఆవిడ మనవడికీ ఫార్వర్డ్ చేరింది. రెండు గంటలు ప్రయత్నించాడు, ఎంగేజ్. టికెట్ కొనుక్కుని ఎయిర్‌పోర్టుకి బయల్దేరాడు. దారిలో ఉండగా లైను కలిసింది. అమ్మమ్మ "తిన్నావురా?" అని అడిగితే కారు పక్కకి ఆపుకుని ఏడ్చాడట. దూరదేశాల్లో ఉన్నవాళ్లకి అర్ధరాత్రి ఫోను మోగితేనే గుండె జారుతుంది. అలాంటివాళ్లకి మనం పంపేది "అలాగట, నిజమో కాదో" అనే మెసేజి.

ఆయుష్షు పెరగడం సంగతి నాకు తెలియదు. బీపీ పెరిగినవాళ్లని మాత్రం చూశాను.

అపోహ: నాలుగు చోట్ల వచ్చిందంటే నిజమే

ఆ నాలుగూ ఒకదాన్ని చూసి ఒకటి పెట్టినవే. 2016 డిసెంబర్ 5 సాయంత్రం జయలలిత గారు పోయారని కొన్ని తమిళ ఛానళ్లు చెప్పేశాయి. పార్టీ ఆఫీసు మీద జెండాని కూడా సగానికి దించి, ఆసుపత్రి ఖండించాక మళ్లీ పైకెత్తారు. ఆవిడ పోయింది ఆ రాత్రి పదకొండున్నరకని తర్వాత ప్రకటించారు. 2025 నవంబర్ 11న ధర్మేంద్ర గారి విషయంలోనూ ఇంతే. పెద్ద ఛానళ్లలో వచ్చింది, సంతాపాలు వచ్చాయి, భార్య హేమమాలిని గారు కోపంగా ఖండించారు. ఆయన పోయింది నవంబర్ 24న. కాబట్టి సంతాపం వచ్చినంత మాత్రాన అది రుజువు కాదు, వాళ్లూ మనలాగే టీవీ చూసి పెడతారు. మా డెస్కులో లెక్క ఒకటే. ఇంట్లోవాళ్లలో ఒకరు చెప్పాలి. లేదా ఆసుపత్రి వాళ్లు టైము వేసి, సంతకం పెట్టి ఇచ్చిన బులెటిన్ ఉండాలి. ఈ రెండూ లేకపోతే నేను ఆగుతాను, పక్క పత్రిక ముందు వేసుకున్నా సరే.

అపోహ: వెంటిలేటర్ మీద ఉన్నారంటే ఎప్పుడో పోయారు, దాస్తున్నారు

ఇది చదివి భయపడేది అభిమానులు మాత్రమే కాదు. అదే రోజు ఐసీయూ బయట తమవాళ్ల కోసం కూర్చున్న మామూలు జనం కూడా. వెంటిలేటర్ నుంచి కోలుకుని ఇంటికి వచ్చేవాళ్లు బోలెడంతమంది. 2020లో బాలసుబ్రహ్మణ్యం గారు ఆగస్టు 5న ఆసుపత్రిలో చేరితే, పోయిన రోజు సెప్టెంబర్ 25 వరకు కొడుకు చరణ్ గారు వచ్చి వివరం చెబుతూనే ఉన్నారు. మధ్యలో కరోనా నెగెటివ్ వచ్చిందని మంచి పుకారు పుడితే దాన్నీ ఆయనే కాదనాల్సి వచ్చింది. తండ్రి అలా ఉండగా కొడుక్కి ఇది అదనపు డ్యూటీ.

అపోహ: ఇండస్ట్రీకి ఏదో శాపం తగిలింది, వరసగా పోతున్నారు

2022 సెప్టెంబర్ నుంచి 2023 ఫిబ్రవరి వరకు ఈ మాట విని చెవులు చిల్లులు పడ్డాయి. కృష్ణంరాజు గారికి 82, కృష్ణ గారికి 79, కైకాల వారికి 87, జమున గారికి 86, విశ్వనాథ్ గారికి 92. దాదాపు ఒకే తరం. కలిసి పనిచేసినవాళ్లు కాస్త అటూఇటూగా వెళ్లిపోయారు. ఇందులో శాపం ఏముంది?

అపోహ: జనం మర్చిపోయారంటే దిక్కులేకుండా పోయినట్టే

యూట్యూబ్ థంబ్‌నెయిల్ మీద కన్నీటి చుక్క ఉంటే తప్ప పాతవాళ్లని తలుచుకోలేమా మనం? సావిత్రి గారు ఏ వీధిలోనో అనాథలా పోయారని నమ్మేవాళ్లు ఇప్పటికీ తగులుతున్నారు. ఆవిడ 1980 మే నెలలో కోమాలోకి వెళ్లారు. 19 నెలల తర్వాత, 1981 డిసెంబర్ 26న మద్రాసులో పోయారు. అసలు సంగతే చాలినంత బరువుగా ఉంది, పైన మసాలా ఎందుకు? భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు 1948లో న్యూయార్కులో పోయారు, 53 ఏళ్లకే. బోదకాలు మందు హెట్రజాన్, యాంటీబయాటిక్ ఆరియోమైసిన్, క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్ ఆయనా ఆయన బృందమూ చేసిన పనిలోంచి వచ్చినవే. ఆయన పేరు చాలామందికి తెలియదు. దానికి కారణం పేదరికం కాదు. ఆ మందులు వాడేవాళ్లకి ఆ పేరు ఎవరూ చెప్పలేదు, అంతే.

తేదీల గురించి కూడా ఒక ముక్క. ఆన్‌లైన్‌లో ఉంది కదా అని రాసేయకండి. తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద 1931 సెప్టెంబర్ 15న వచ్చిందని దశాబ్దాల తరబడి పండగ చేసుకున్నాం. సినిమా చరిత్ర పరిశోధించే జర్నలిస్టు రెంటాల జయదేవ గారు పాత రికార్డులు తవ్వి 1932 ఫిబ్రవరి 6 అని తేల్చారు. సినిమాకే ఇలా ఉంటే మనుషుల సంగతి చెప్పాలా!

అపోహ: బతికుండగానే ప్రొఫైల్ రాసి పెట్టుకునేవాళ్లు రాబందులు

తిట్టండి, అలవాటే. రాసి పెట్టుకోకపోతే ఆ గంటలో దొరికిన చెత్తంతా వేస్తాం. తెనాలి ఆవిడ ఆ రాత్రి ఫోన్ పెట్టేయలేదు. "నా మీద ఏదో రాసే ఉంటావుగా, చదువు" అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను గానీ చదివాను. ద్రౌపదిగా ప్రసిద్ధి అన్న చోట ఆపేశారు. "ద్రౌపది ఎప్పుడేశాను? నేను కృష్ణుడిని. రాయబారం సీనులో వన్స్‌మోర్ కొట్టని ఊరు లేదు." ఇంకో రెండు తప్పులు దిద్దించారు. చివరికి, "మా హార్మోనిస్టు పేరేది? ఆయన శృతి పట్టకపోతే నా రాగం ఎక్కడిది? వెయ్యి" అన్నారు. వేశాను.

నాలుగేళ్ల తర్వాత ఆవిడ నిజంగా పోయినప్పుడు మనవడే ఫోన్ చేసి చెప్పాడు. జిల్లా ఎడిషన్‌లో లోపలి పేజీ, సింగిల్ కాలమ్. పేజీ పెట్టే కుర్రాడు స్థలం చాలట్లేదు సార్, కింద రెండు లైన్లు కోసేస్తున్నా అన్నాడు. లేచి అతని పక్కకి వెళ్లి ఫొటోని కాస్త చిన్నది చేయించాను. హార్మోనిస్టు పేరు ఆ చివరి లైనులోనే ఉంది.