"నోరు కట్టుకోలేనండీ" అనేవాళ్ల కోసం: కొన్ని అపోహలు, వాస్తవాలు

బరువు తగ్గాలని నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది కూర్చోగానే తల వంచుకుని అనే మాట ఒకటే: "నేను నోరు కట్టుకోలేనండీ." విన్న ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. చేయని తప్పుకి క్షమాపణ అడుగుతున్నట్టుంటుంది.

అపోహ: మనసు గట్టిదైతే ఆకలిని జయించవచ్చు.

వాస్తవం: 1944-45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకులకు 24 వారాల పాటు అరకొర తిండి పెట్టి చూశాడు. ఒంట్లోనూ మనసులోనూ దృఢంగా ఉన్నవాళ్లనే ఏరి తీసుకున్నారు. బరువు దాదాపు నాలుగో వంతు తగ్గింది. నన్ను వదలనిది మాత్రం వాళ్ల ప్రవర్తన. వంటల పుస్తకాలు పోగేసుకున్నారు. కంచాలు నాకారు. పెట్టిన కాస్త తిండిలోనే నీళ్లు కలిపి పెంచుకున్నారు. మళ్లీ బాగా తిండి పెట్టడం మొదలుపెట్టాక కూడా చాలామందికి నెలల తరబడి ఆకలి తీరలేదు. వీళ్లెవరూ తిండిపోతులు కారు.

అపోహ: తగ్గిన బరువు మళ్లీ పెరిగిందంటే అశ్రద్ధే.

వాస్తవం: కొవ్వు తగ్గితే, "నిల్వలు చాలు" అని మెదడుకి చెప్పే లెప్టిన్ తగ్గుతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరుగుతుంది. 2011లో వచ్చిన ఒక ఆస్ట్రేలియా పరిశోధనలో, బరువు తగ్గి ఏడాదైనా ఈ హార్మోన్లు పాత స్థాయికి రాలేదు. కాబట్టి తగ్గాక కూడా సాయం కావాలి. అవసరమైతే మందుల గురించి డాక్టర్‌ని అడగండి, సిగ్గుపడాల్సిన పని లేదు.

 

అపోహ: కేలరీలు చూసుకుంటే చాలు, ఏం తిన్నా ఒకటే.

వాస్తవం: 2019లో అమెరికాలో 20 మందిని ఒకేచోట ఉంచి, రెండు వారాలు బాగా ప్రాసెస్ చేసిన ఆహారం, రెండు వారాలు పెద్దగా ప్రాసెస్ చేయని ఆహారం పెట్టారు. వడ్డించిన కేలరీలు, చక్కెర, కొవ్వు రెండింటిలోనూ సమానమే. కావలసినంత తినమంటే, ప్రాసెస్ చేసిన ఆహారం పెట్టినప్పుడు రోజుకి సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, అదీ వేగంగా.

అపోహ: తక్కువే తింటున్నానంటే అబద్ధమైనా అయి ఉండాలి, ఒంట్లో లోపమైనా ఉండాలి.

వాస్తవం: మొన్న ఒకావిడ తెచ్చిన నోట్‌బుక్‌లో మూడు పూటలదీ నీటుగా రాసి ఉంది. వంట చేస్తూ రుచి చూసినవి, పిల్లల కంచంలో మిగిలితే పారేయలేక తిన్నవి లేవు. అడిగితే, "అవి కూడా లెక్కేనాండీ?" అంది, నిజంగానే ఆశ్చర్యపోతూ. పక్కన ఇంకో గడి గీసి, తినే ముందు ఆకలి ఎంతుందో రాయమన్నాను. వారం తర్వాత చూస్తే సాయంత్రం గళ్లన్నింటిలో ఒకటే మాట: "చాలా ఆకలి." పొద్దున, మధ్యాహ్నం తిన్నది పిడికెడంత. ముందు ఆవిడ మధ్యాహ్న భోజనం పెంచాం.