మంచె మీద కూర్చున్నవాడు

బిడ్డలారా,

మొన్న రాత్రి మనవరాలు ఫోన్ చేసింది. పదో తరగతి చదువుతోంది. "తాతయ్యా, పరీక్ష అనగానే కడుపులో తిప్పుతుంది. అమ్మ కలిపి పెట్టిన ముద్ద గొంతు దిగట్లేదు. నాకేమన్నా జబ్బా?" అని అడిగింది. "ఏం కాదు తల్లీ" అన్నాను గానీ, ఆ జవాబు నాకే సరిపోలేదు. అందుకే ఈ ఉత్తరం. మీ అందరికీ పనికొస్తుంది.

మా దేవరకొండ వైపు మెట్టల్లో అప్పట్లో జొన్నే పంట. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలాక మిర్యాలగూడ వైపు వరి పరుచుకుంది. మా ఎత్తుకు ఆ నీళ్లు ఎక్కలేదు. కంకి పాలు పోసుకునే వేళకు పిట్టలు దిగేవి. చేను నడుమ నాలుగు గుంజలు పాతి మంచె కట్టేవాళ్లు. దాని మీద రాళ్లు విసిరే వడిసెల పట్టుకుని నేను. గట్టు మీద మా గుడిసె. నేను కేకేశానంటే అమ్మ పెనం మీది రొట్టెను అట్లాగే వదిలేసి, నాయన చేతిలో పార పడేసి ఉరికొచ్చేవాళ్లు.

మీ ఒంట్లోనూ అట్లాంటి మంచె ఒకటుంది. దాని మీద కూర్చున్నవాడికి చేను మీద పడే అడవి పందుల మందా, లెక్కల పేపరూ రెండూ ఒకటే. చూడగానే కేకేస్తాడు. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న రెండు చిన్న గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. గుండె దడదడలాడుతుంది. కాలేయం గాదె తలుపు తీసి, దాచిన చక్కెరను నెత్తుట్లో పోస్తుంది. నెత్తురు కాళ్లూ చేతుల వైపు మళ్లుతుంది. ఇక పొయ్యి దగ్గర ఎవరున్నారు? కడుపు తన పని పక్కన పెడుతుంది. ముద్ద దిగకపోవడం అందుకే. జబ్బు కాదు తల్లీ, ఇంటిల్లిపాదీ చేలోకి ఉరికారు.

ఒక రోజు పిట్టల ధ్యాసలో పడి నేను సద్ది మూటే విప్పలేదు. పొద్దు గూకే వేళ ఆకులు గలగలమన్నాయి. పందులొచ్చాయని అరిచాను. ఇద్దరూ వచ్చి చూశారు, ఏమీ లేదు. కాసేపటికి మళ్లీ అరిచాను. మూడోసారి అరిచేసరికి గుడిసె నుంచి రొట్టె మాడిన వాసన వచ్చింది. నాయన కొట్టలేదు. మంచె ఎక్కి నా పక్కన కూర్చుని మూట విప్పాడు. పొద్దుటి జొన్న రొట్టె. అంచులు గట్టిపడ్డాయి, మధ్యలో మాత్రం వెల్లుల్లి కారం నూనె ఇంకి ఎర్రగా మెత్తబడింది. "ముందు తిను, తర్వాత కేకెయ్యి" అన్నాడు. నమిలి నమిలి తిన్నాను. తిన్నాక చెవిపెట్టి విన్నాను. గాలి.

ఆకలి మీదున్న కాపలావాడికి ప్రతి ఆకూ పందే. పొద్దున సరిగ్గా తినకుండా నాలుగు బిస్కెట్లు, ఓ కూల్ డ్రింక్‌తో సరిపెడితే చక్కెర గబుక్కున ఎక్కి గబుక్కున దిగుతుంది. దిగేటప్పుడు కొందరికి చేతులు వణుకుతాయి, చిరాకు పుడుతుంది. మంచె మీదివాడు మళ్లీ మొదలుపెడతాడు. జొన్న అట్లా కాదు. పొట్టుతో సహా తింటాం కాబట్టి మెల్లగా అరుగుతుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికల్లో 100 గ్రాముల జొన్నల్లో పీచు 10 గ్రాములు, తెల్ల బియ్యంలో 3 గ్రాముల లోపే.

సజ్జ పిండి సంగతి కూడా చెప్పాలి. అమ్మ రెండు మూడు రోజులకు సరిపడా మాత్రమే విసిరేది. గింజ మొలక దగ్గర నూనె ఉంటుంది, నిల్వ ఉంటే పిండి చేదెక్కుతుంది. నెలల తరబడి చెడకుండా షాపులో కూర్చునే పిండిలోంచి ఏం తీసేసి ఉంటారో మీరే ఆలోచించండి. కావాలంటే గుప్పెడు జొన్నలు రాత్రి నానబెట్టి, పొద్దున ఒక గింజను గోటితో చీల్చి చూడండి. పైన పొర, లోపల తెల్లటి పిండి, ఓ మూల మొలక కన్ను. ఇంత బుడ్డ గింజలో ఒక మొక్కకు తొలి రోజుల సద్ది అంతా మూటగట్టి ఉంది!

పరీక్ష రోజు ముద్ద దిగకపోతే పోట్లాడకండి. మజ్జిగ కలిపిన జొన్న అంబలి ఓ గ్లాసు, గుప్పెడు పల్లీలు చాలు. హాల్లో మూట విప్పలేరు కాబట్టి అక్కడ ఊపిరి పీల్చినదానికంటే పొడుగ్గా, మెల్లగా వదలండి. గుండె నెమ్మదిస్తుంది. నాయన మంచె ఎక్కి పక్కన కూర్చున్నట్టే. ముందు రోజు రాత్రి మాత్రం వాణ్ణి మంచె దించి పడుకోబెట్టాలి. టీ తాగి తెల్లవార్లూ చదివితే వాడు దిగడు. టెన్షన్ రోజూ ఉండి, నిద్రే పట్టకపోతే మాత్రం దాచకుండా అమ్మకు చెప్పండి.

ఈ ఆదివారం ఊరికి రండి. వాగు అవతల యాసంగి జొన్న కంకి మీదుంది. గట్టు మీద చప్పుడు చేయకుండా నిలబడండి. డేగ నీడ పడగానే పిచ్చుకల గుంపు గుప్పున లేస్తుంది. డేగ పోయాక ఎంతసేపటికి మళ్లీ కంకి మీద వాలి గింజ ఒలుచుకుంటాయో లెక్కపెట్టి నాకు చెప్పండి.

మీ తాతయ్య