పేగులో అల పుట్టించేది నరం కాదు

మొన్న ఒకరు అడిగారు, మెదడు నుంచి వచ్చే నరాలన్నీ కోసేసినా పేగు కదుల్తుందట నిజమేనా అని. నిజమే. 1899లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కుక్కల మీద ప్రయోగం చేసి చూశారు. బయటి నరాలు కోసేసినా, లోపల ఏదైనా అడ్డంగా ఉబ్బెత్తుగా తగిలితే పేగు దానికి పైవైపు బిగుసుకుని కిందివైపు వదులై దాన్ని ముందుకి తోసేస్తోంది. పేగు గోడలోనే కోట్ల కొద్దీ న్యూరాన్లు (నరాల కణాలు) ఉన్నాయి, ఈ పని వాటిదే.

సరే, మరి పేగు ఆగకుండా ఒక లయలో కదుల్తుంది కదా, ఆ లయ కూడా ఈ నరాలదేనా? కాదండీ! స్కూల్లో పెరిస్టాల్సిస్ అంటే అలలాంటి కదలిక అని రాయించి మార్కులేసేస్తారు, అసలు ఆ అల ఎక్కడ పుడుతుందో ఒక్కరూ చెప్పరు. కండరానికీ నరానికీ మధ్య సన్నటి కొమ్మలతో ఇంకో రకం కణాలున్నాయి, కహాల్ కణాలు (స్పెల్లింగ్ చూసి కాజల్ అని చదవకండి, స్పానిష్ పేరు). వీటికి పేరిచ్చిన శాస్త్రవేత్త, 1906లో నోబెల్ అందుకున్న ఆ కహాల్ కూడా ఇవేవో ఆదిమ న్యూరాన్లు అనుకున్నాడు. ఇవి న్యూరాన్లు కావు. 1992లో అప్పుడే పుట్టిన ఎలుకల్లో ఈ కణాలకి కావాల్సిన కిట్ అనే రిసెప్టర్ని (కణం మీద సంకేతాలు అందుకునే ప్రోటీన్ని) యాంటీబాడీతో అడ్డుకుంటే పేగు లయ చెడిపోయింది.

లోపల జరిగేదేంటంటే, కణంలో దాచిన కాల్షియం కొంచెం కొంచెం బయటపడుతుంది, దాంతో అనో1 అనే క్లోరైడ్ ఛానెల్ (కణం గోడలో క్లోరైడ్ వెళ్ళే ద్వారం) తెరుచుకుంటుంది, నెగెటివ్ క్లోరైడ్ బయటికెళ్ళడంతో లోపలి వోల్టేజి పైకి లేస్తుంది, మళ్ళీ పడుతుంది. అదే స్లో వేవ్. నిమిషానికి పొట్టలో 3, చిన్న పేగు మొదట్లో 12 దాకా, చివర్లో 8 దాకా.

కండరాన్ని ఒక చెరువు అనుకోండి, దాని వోల్టేజి నీటిమట్టం, స్లో వేవ్‌లు అలలు. అలలు ఆగకుండా వస్తూనే ఉంటాయి, నీళ్ళు తక్కువుంటే గట్టుకి తగిలి వెనక్కి పోతాయి, నీళ్ళు పెరిగితే అవే అలలు గట్టు దాటి పొర్లుతాయి. చిన్న పేగులో గట్టు దాటడం అంటే కండరం కణంలోకి కాల్షియం దూకడం, కండరం బిగుసుకోవడం. అల శిఖరం గట్టు పైన ఎంతసేపుంటే అంత గట్టిగా బిగుస్తుంది. నరాల పని నీటిమట్టం మార్చడం: అవి అసిటైల్‌కోలిన్ అనే రసాయనం వదిలితే మట్టం లేస్తుంది, నైట్రిక్ ఆక్సైడ్ వదిలితే దిగుతుంది. అలల లెక్క మాత్రం పెద్దగా మారదు. బేలిస్, స్టార్లింగ్ చూసింది కూడా ఇదే, ఉబ్బుకి పైన మట్టం లేచింది, కింద దిగింది.

ఆకలికి కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయంటాం కదా, అదీ ఇదే చెరువు. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు గంటన్నర రెండు గంటలకోసారి కాసేపు దాదాపు ప్రతి అలా గట్టు దాటేస్తుంది, మిగిలిన చెత్తంతా ఊడ్చుకుంటూ కిందకి పోతుంది, ఆ గుడగుడ లోపలి గాలీ నీళ్ళదే. కొందరు దీన్ని నులిపురుగులు అరవడం అంటారు, పురుగులకి గొంతెక్కడిది!

మరి గోడలో నరాలే లేకపోతే? పేగు వేలాడిపోతుందని నేనూ అనుకున్నాను చాలాకాలం. పిండంలో ఈ న్యూరాన్లవ్వాల్సిన కణాలు నోటి వైపు నుంచి కిందకి నడుచుకుంటూ వస్తాయి, కొందరు పిల్లల్లో చివరిదాకా చేరవు, దాన్నే హిర్ష్‌స్ప్రంగ్ జబ్బంటారు. నరాల్లేని ఆ చివరి ముక్క వదులుగా ఉండదు, బిగుసుకుపోయి ఉంటుంది, మట్టం దించేవాళ్ళు లేరు మరి. ఉబ్బిపోయేది దానికి పైనున్న మంచి పేగు.