సిల్వర్ గంజు ఎందుకు నల్లబడుతుంది?

నల్లగొండ బోరు నీళ్లు పోసి గుడ్లు ఉడకబెట్టిన సిల్వర్ గంజు లోపల చూడండి. నీళ్లు నిలిచినంత మేరా నలుపు. మర్నాడు అందులోనే పులుసు కాస్తే మళ్లీ తళతళ. మా అమ్మ ముందే ఒక పిండేసిన నిమ్మచెక్క పడేసేది, నలుపు పట్టేదే కాదు.

సిల్వర్ అంటాం గానీ వెండి రవ్వంతైనా లేదు, అది అల్యూమినియం. పైకి సాధువులా కనిపిస్తుంది. లోహాలను చర్య జరిపే చురుకును బట్టి పైనుంచి కిందికి పేర్చిన చర్యాశీలత శ్రేణిలో మాత్రం జింకు, ఇనుముల కంటే పైనే ఉంటుంది. ఇంకా పైనున్న సోడియం నీళ్లలో పడగానే ఎలక్ట్రాన్లు వదిలేసి, హైడ్రోజన్ పుట్టిస్తూ సుయ్యిమని ఉరుకుతుంది. అందుకే ల్యాబులో దాన్ని కిరోసిన్‌లో ముంచి పెడతారు. మరి అల్యూమినియం నీళ్లలో ఎందుకు ఊరుకుంటుంది? గాలి తగలగానే దాని మీద ఆక్సైడ్ పొర కట్టుకుంటుంది. మందం కొన్ని నానోమీటర్లే. ఇనుప తుప్పులా పెచ్చులూడదు, లోహాన్ని అంటుకునే ఉంటుంది.

ఆ పొరను ఆమ్లమూ కరిగిస్తుంది, క్షారమూ కరిగిస్తుంది. వేడి నీళ్లలో బట్టల సోడా కలిపి సిల్వర్ గిన్నెలో పోస్తే లేచే బుడగలు హైడ్రోజనే. మన బోరు నీళ్లలో బైకార్బనేట్లు ఎక్కువ. మరిగేకొద్దీ కార్బన్ డయాక్సైడ్ పోయి నీళ్ల క్షారగుణం పెరుగుతుంది. ఈ కొద్దిపాటి క్షారానికి పొర పూర్తిగా కరిగిపోదు, నీటిని పట్టుకుని మందమై నల్లగా కనబడుతుంది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం దాన్ని కరిగించేస్తుంది. ఆ తళతళ వెనక కాస్త లోహం పులుసులోకి పోయిందన్నమాట!

రాగి కథ వేరు. అది శ్రేణిలో హైడ్రోజన్‌కు కింద ఉంది, ఆమ్లం నుంచి హైడ్రోజన్‌ను వెళ్లగొట్టలేదు కాబట్టి చింతపండుతో తోమినా బుడగలు రావు, మకిలి మాత్రం పోతుంది. కానీ పులుసు నిలవుంటే గాలిలోని ఆక్సిజన్ తోడై రాగి కూడా కరుగుతుంది. రాగి, ఇత్తడి బోళ్లకు కలాయి పెట్టించేది అందుకే.

మన జిల్లాలో ఇంకో చిక్కుంది. గ్రానైటు రాళ్ల నుంచి నీళ్లలోకి దిగిన ఫ్లోరైడ్ చాలా ఊళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటింది. ఫ్లోరైడ్‌కు అల్యూమినియం అంటే మహా ఆకర్షణ. 1970ల్లో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు రూపొందించిన ‘నల్లగొండ పద్ధతి’ పనిచేసేది దాని మీదే: నీళ్లలో సున్నం, పటిక వేసి కలిపితే పటికలోని అల్యూమినియం తెట్టులా విడివడి, ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీళ్లు తాగడానికి.

అదే ఆకర్షణ వంటింట్లో ఎదురు తిరుగుతుంది. ఫ్లోరైడ్ నీళ్లతో పులుసు కాస్తే గంజులోని అల్యూమినియం ఇంకాస్త సులువుగా కరుగుతుంది. మా ఇంట్లో గుడ్లకు సిల్వర్ గంజు, పులుసుకు మట్టికుండ.