పెరట్లో తడి మూలకు గొడుగు తుంగ: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ఇళ్లకు తోటలు వేసే పని నాది. గిన్నెలు తోమే చోటో, సంపు పక్కనో ఎప్పుడూ బురదగా ఉండే మూల చూపించి, "ఇక్కడేం పెట్టినా కుళ్లిపోతోంది, సిమెంటు పోసేయమంటారా?" అని అడిగేవాళ్లే ఎక్కువ. సిమెంటు వద్దు, గొడుగు తుంగ పెట్టండి అంటాను. నర్సరీలో అంబ్రెల్లా పామ్ అంటే ఇస్తారు. పామ్ జాతేమీ కాదు, తుంగ కుటుంబమే. కాడ చివర ఆకులు గొడుగు ఊచల్లా విచ్చుకుంటాయి. మూడు నుంచి ఐదు అడుగుల ఎత్తు పెరుగుతుంది. తుంగ అనే మాట చెవిన పడగానే అనుమానాలు మొదలవుతాయి.

అపోహ: "తుంగా! ఒకసారి దిగితే తోటంతా పాకుతుంది."

ఈ భయం ఊరికే రాలేదు. చెనిక్కాయల చేలో తుంగ పీకీ పీకీ నడుములు పడిపోయిన ఊళ్లు మనవి. కానీ చేలో తుంగ వేరు, ఇది వేరు. చేలో తుంగను చుట్టూ మట్టి తీసి మెల్లగా లేపి చూడండి. సన్నటి వేరుకు నల్లటి గడ్డలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. పైనుంచి లాగితే వేరు పుటుక్కున తెగి, గడ్డ లోపలే ఉండిపోయి మళ్లీ మొలుస్తుంది. మూలికల కొట్లో తుంగముస్తలని అమ్మేవి ఆ గడ్డలే. గొడుగు తుంగకు అలాంటి గడ్డలు ఉండవు. ఉన్నచోటే పిలకలు వేసి దుబ్బు కడుతుంది. ఎక్కువైతే గడ్డపారతో సగం దుబ్బు లేపేయొచ్చు.

అలాగని పూర్తిగా నమ్మడానికీ లేదు. దీని గింజలు తడి దొరికిన చోటల్లా మొలుస్తాయి. ఆఫ్రికా నుంచి వచ్చిన ఈ మొక్క ఆస్ట్రేలియాలో, అమెరికాలోని ఫ్లోరిడాలో వాగుల వెంట కలుపై కూర్చుంది. అందుకే పూలు గోధుమరంగుకు తిరిగేలోపే ఆ కాడలు మొదలంటా కోసేయండి. కోసినవి వంకల్లో, కాలవల్లో పారేయకండి. స్వర్ణముఖి దగ్గర ఇళ్లున్నవాళ్లకు ఈ మాట ఇంకాస్త గట్టిగా చెబుతాను.

అపోహ: "వానకు నీళ్లు నిలిచే చోటు చాలు."

చాలదు. మనకు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకే. నవంబరులో కాలు పెడితే దిగబడే మూల ఏప్రిల్‌కల్లా నెర్రెలిచ్చి ఉంటుంది. చోటు చూడ్డానికి వెళ్తే నేను అడిగే మొదటి ప్రశ్న: ఎండాకాలంలో ఇక్కడ ఏ నీళ్లు పడతాయి? సింకు నీళ్లా, బట్టలుతికే బండ నీళ్లా, ఏసీ పైపు నీళ్లా? ఏవీ లేకపోతే నేలలో పెట్టకండి. అడుగున చిల్లు లేని తొట్టిలో పెట్టి రోజూ నీళ్లు పోయండి. నలభై డిగ్రీలు దాటే మే ఎండకు వేరు ఆరితే ఆకుల కొనలు మాడి, గొడుగు వడలిపోతుంది. పొద్దున ఎండ, మధ్యాహ్నం నీడ పడే చోటైతే టెన్షన్ ఉండదు.

మొదలు నీళ్లలో మునిగే ఉండాలన్న మాట కూడా నిజం కాదు. మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే చాలు. మొదలు మీద నాలుగంగుళాల నీళ్లున్నా తట్టుకుంటుంది.

అపోహ: "ఎంత మురికి నీళ్లనైనా ఇదే శుభ్రం చేసేస్తుంది."

సగం నిజం. ఇలాంటి మొక్కలను కంకర పరుపులో పెంచి వాడిన నీళ్లను శుద్ధి చేసే పద్ధతి ఉంది. అక్కడ అసలు పని చేసేవి కంకరకు, వేళ్లకు పట్టి ఉండే సూక్ష్మజీవులు. వాటి మీద బ్లీచింగ్, యాసిడ్, ఫినాయిల్ పోస్తే ఇక శుద్ధి ఎక్కడ? గిన్నెలు తోమిన నీళ్లు, స్నానాల నీళ్లు పర్వాలేదు. ఆర్వో మెషిన్ వదిలే నీళ్లలో ఉప్పులు ఎక్కువ కాబట్టి ఒక్కటే పోయకండి, మామూలు నీళ్లతో కలిపి పోయండి. మరుగుదొడ్డి నీళ్లకు సెప్టిక్ ట్యాంకు ఉండాల్సిందే.

అపోహ: "దోమలు వస్తాయి, పాములు చేరతాయి."

దోమకు కావాల్సింది నిలవ నీళ్లు. గుడ్డు దోమయ్యేందుకు వారం, పది రోజులు చాలు. తొట్టిలో గప్పీ చేపలు వదలండి. నేల మీదైతే గుంటలు ఇసుకతో పూడ్చి, నీళ్లు పైకి కనబడకుండా చూడండి. పాము వచ్చేది కప్పల కోసం, ఎలుకల కోసం. ఏ గుబురుకైనా వస్తుంది. ఎండిన కాడలు తీసేస్తూ మొదట్లో నేల కనిపించేలా ఉంచండి. గుమ్మం పక్కన మాత్రం నేనూ పెట్టను.

అపోహ: "కాడ విరిచి గుచ్చితే నాటుకుంటుంది."

ఉత్త కాడ కుళ్లిపోతుంది. వేరు పోసేది తలే. గొడుగును అంగుళం కాడతో కోసి, ఆకులను సగానికి కత్తిరించి, నీళ్ల గిన్నెలో తలకిందులుగా పెట్టండి. రెండు మూడు వారాల్లో ఆకుల నడుమ నుంచి తెల్లటి వేళ్లు, వాటి పక్కనే పచ్చటి మొలకలు వస్తాయి. మొలక వేలెడంత అయ్యాక మట్టిలోకి మార్చండి. అప్పటిదాకా గిన్నెలో నీళ్లు రెండు మూడు రోజులకోసారి మారుస్తుండండి.