బ్రిటన్ ఫుట్‌బాల్ పూల్స్: అపోహలు - వాస్తవాలు

అపోహ: పూల్స్ కూడా బుకీ దగ్గర కాసే పందెం లాంటిదే.

వాస్తవం: కానే కాదు. పూల్స్ అంటే కూపన్ అనే మ్యాచ్‌ల పట్టికలో ఫలితాలు ఊహించి గుర్తు పెట్టి కంపెనీకి పంపే పందెం. బుకీ ముందే రేటు చెబుతాడు, గెలిస్తే ఆ రేటుకు కట్టుబడి చెల్లిస్తాడు. పూల్స్‌లో రేటే ఉండదు. ఆ వారం కూపన్ల మీద వచ్చిన డబ్బంతా ఒకచోట చేర్చి, పన్ను, ఖర్చులు, కంపెనీ వాటా పోగా మిగిలింది గెలిచినవాళ్లకు పంచుతారు. పన్ను కూడా తక్కువేం కాదు. 1982 నాటికి పందెం సొమ్ములో 42.5 శాతం ప్రభుత్వానికే పోయేది.

1946లో వచ్చిన ట్రెబుల్ చాన్స్ అనే పూల్స్ ఆట చూస్తే ఈ తేడా బాగా అర్థమవుతుంది. కూపన్‌లోని మ్యాచ్‌ల నుంచి డ్రా అవుతాయనుకున్న ఎనిమిదింటికి గుర్తు పెట్టాల్సి ఉండేది. తర్వాతి కాలపు లెక్క ప్రకారం గోల్స్ పడి డ్రా అయితే 3 పాయింట్లు, గోల్స్ లేని డ్రాకు 2, బయటి జట్టు గెలిస్తే ఒకటిన్నర, సొంత మైదానంలో ఆడిన జట్టు గెలిస్తే 1. గరిష్ఠం 24. అయితే 24 రాగానే కోటీశ్వరులైపోరు. కూపన్‌లో గోల్స్ డ్రాలు పదిహేను ఉన్న వారం 24 తెచ్చుకున్నవాళ్లు కుప్పలుగా ఉంటారు, తలా కొంచెమే దక్కుతుంది. సరిగ్గా ఎనిమిదే ఉన్న వారం గెలిచినవాడి పంట పండుతుంది. కాబట్టి అంచనా ఎంత బాగుందన్నదొక్కటే చాలదు, అదే అంచనా ఇంకెంతమంది వేశారన్నదీ చూసుకోవాలి. 1961లో కాసిల్‌ఫర్డ్‌కు చెందిన కీత్, వివ్ నికల్సన్ దంపతులకు 1,52,319 పౌండ్లు వచ్చాయంటే కారణం ఈ పంపకమే.

అపోహ: ఎనిమిదికి బదులు పది మ్యాచ్‌లకు గుర్తు పెడితే ఖర్చు కాస్తే పెరుగుతుంది.

వాస్తవం: పదింటిలో ఎనిమిది చొప్పున ఎంచితే 45 లైన్లు (ఎనిమిది మ్యాచ్‌ల ఒక్కో కూర్పు ఒక లైను), పదకొండైతే 165, పన్నెండైతే 495. ప్రతి లైనుకూ డబ్బు కట్టాలి. పాత నాణేల్లో (12 పెన్నీలు ఒక షిల్లింగు) లైనుకు పెన్నీ అనుకుంటే 45 లైన్లకు 3 షిల్లింగుల 9 పెన్సులు. పదిలో సరిగ్గా ఎనిమిది గోల్స్ డ్రాలైతే 24 వచ్చేది ఒక్క లైనుకే, తొమ్మిదైతే తొమ్మిది లైన్లకు. కొత్తవాళ్లు బోల్తా పడేది ఇక్కడే: మ్యాచ్‌లు లెక్కపెడతారు, లైన్లు లెక్కపెట్టరు.

అపోహ: కూపన్‌తోపాటే డబ్బు పంపేవాళ్లు.

వాస్తవం: ఫుట్‌బాల్ మీద నగదు పందెం కూపన్లను 1920 నాటి చట్టం నిషేధించింది. అందుకే పూల్స్ అప్పు పద్ధతిలో నడిచాయి. ఈ వారం కూపన్ డబ్బు వచ్చే వారం పంపాల్సి ఉండేది. పూల్స్ కంపెనీ లిటిల్‌వుడ్స్ 1923లో మొదలైందీ ఈ చట్టం ఉండగానే.

అపోహ: మంచుకు మ్యాచ్‌లు ఆగితే పూల్స్ ప్యానెల్ అనే నిపుణుల బృందం స్కోర్లు ఊహించి చెప్పేది.

వాస్తవం: స్కోర్లు కాదు, ఫలితం మాత్రమే. 1963 జనవరి 26న తొలిసారి కూర్చున్న ప్యానెల్‌లో మాజీ ఆటగాళ్లు టామ్ ఫిన్నీ, టామీ లాటన్, టెడ్ డ్రేక్, జార్జ్ యంగ్, రెఫరీ ఆర్థర్ ఎల్లిస్ ఉన్నారు. ఆగిపోయిన 38 మ్యాచ్‌లలో 23 సొంత జట్ల గెలుపులు, 8 బయటి జట్ల గెలుపులు, 7 డ్రాలని తేల్చారు.

అపోహ: ఫుట్‌బాల్ లీగ్ (ఇంగ్లండ్ క్లబ్బుల పోటీలు నడిపే సంస్థ), పూల్స్ కంపెనీలు మొదటి నుంచీ చేతులు కలిపే ఉన్నాయి.

వాస్తవం: 1936లో పూల్స్‌ను దెబ్బతీయాలని ఫుట్‌బాల్ లీగ్ మ్యాచ్‌ల పట్టికనే దాచిపెట్టింది. ప్రేక్షకులు తగ్గారు, క్లబ్బులు ఎదురు తిరిగాయి, కొన్ని వారాల్లోనే లీగ్ వెనక్కి తగ్గింది. 1959లో లిటిల్‌వుడ్స్ మీద వేసిన కేసులో పట్టికపై కాపీరైట్ లీగ్‌దేనని కోర్టు తీర్పు ఇచ్చింది. ఆ తర్వాతే కంపెనీలు లీగ్‌కు ఏటా డబ్బు కట్టడం మొదలైంది. 1989 నాటి హిల్స్‌బరో స్టేడియం తొక్కిసలాట దుర్ఘటన తర్వాత, 1990లో పూల్స్ పన్నును 42.5 నుంచి 40 శాతానికి తగ్గించి, ఆ మిగులును స్టేడియాల బాగుకు మళ్లించారు.